భూసేకరణ కబురు అందిన నాటి నుంచి: సాగుభూమిని కాపాడుకోవడానికి ఊరు చేయవలసిన పనులు

పరిశ్రమల కోసం భూసేకరణను ఎదిరించిన గ్రామాలలో చాలావరకు ఒక దశ ఆలస్యంగా మేలుకోవడం వల్లనే నష్టపోతున్నాయి. అభ్యంతరం చెప్పుకోవడానికి చట్టం ఇచ్చిన 60 రోజులు, నోటిఫికేషన్ అంటే ఏమిటో ఊరికి అర్థమయ్యేలోపే గడిచిపోతాయి. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు ఇచ్చిన 30 రోజులు, అనుమతి వచ్చిన సంగతే తెలియక వెళ్ళిపోతాయి. రైతుకు ఉన్న ప్రతి హక్కుకూ ఒక గడువు ఉంది, ఆ గడువులోపు రాసి ఇవ్వని మాట తరువాత ఎంత గట్టిగా చెప్పినా ఫైలులోకి చేరదు. అందుకే ఊరి కమిటీ ఎప్పుడూ ప్రభుత్వం కంటే ఒక దశ ముందుండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలలో ఆ పని ఎలా చేయవచ్చో, ఏ దశలో దేనికి ఎక్కువ శ్రద్ధ పెట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను.

భూమి ఎవరికోసం, ఏ దారిలో తీసుకుంటున్నారు?

కబురు సాధారణంగా అధికారికంగా రాదు. పొలాల మీద డ్రోన్ తిరుగుతుంది, ఎవరో వచ్చి గట్ల మీద ఎర్ర రంగు గుర్తులు పెట్టి వెళతారు, ఇదివరకు ఊరిలో కనిపించని మధ్యవర్తులు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంట్లు రాయించుకుంటారు, రెవెన్యూ సిబ్బంది సర్వే నంబర్ల వారీగా పేర్లు రాసుకుంటారు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా వదంతి అనుకుని ఊరుకోకుండా ఆ వారమే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. కలెక్టరు కార్యాలయానికి ఒకటి, ఆర్డీవో కార్యాలయానికి ఒకటి, రాష్ట్రాన్ని బట్టి పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ అయిన ఏపీఐఐసీకి (ఆంధ్రప్రదేశ్) గాని టీజీఐఐసీకి (తెలంగాణ) గాని మరొకటి పంపాలి. మా గ్రామంలో ఏ సర్వే నంబర్లకు భూసేకరణ ప్రతిపాదన ఉంది, ప్రతిపాదన పంపిన సంస్థ ఏది, ఏ అవసరానికి ఎన్ని ఎకరాలు అడిగారు, ఈ విషయంపై జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల నకళ్ళు ఇవ్వండి అని అడిగితే చాలు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా మరో 30 రోజులలో మొదటి అప్పీలు వేయాలి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవారి పేరుతో పెడితే రుసుము కూడా ఉండదు.

భూమిని అడుగుతున్న సంస్థ పేరు తెలుసుకోవడం ఎందుకు ముఖ్యమో చెప్పాలి. 2014 జనవరి 1 నుంచి అమలులో ఉన్న 2013 భూసేకరణ చట్టం ప్రకారం, ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం భూమి సేకరిస్తే 80 శాతం కుటుంబాల ముందస్తు సమ్మతి కావాలి, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం కావాలి. ఈ లెక్కలోకి పట్టాదారులూ, ప్రభుత్వం భూమి అసైన్ చేసిన కుటుంబాలూ వస్తారు. అయితే పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ తన పేరుతో సేకరించి తరువాత కంపెనీలకు కేటాయించే పద్ధతిలో, ఇది ప్రభుత్వ అవసరం కాబట్టి సమ్మతి అక్కరలేదనే వాదన వస్తుంది. చివరికి ఆ భూమి ఏ కంపెనీకి పోతుందో చూపే ఒప్పందం గాని, కేటాయింపు ఉత్తర్వు గాని మీ చేతిలో ఉంటే ఆ వాదనను ప్రశ్నించవచ్చు. లేకపోతే 80 శాతం అనే మాట చట్టం పుస్తకంలోనే ఉండిపోతుంది.

రెండు రాష్ట్రాలూ ఈ చట్టానికి సవరణలు చేసుకున్నాయి. పారిశ్రామిక కారిడార్ల వంటి కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా (సేకరణ వల్ల ఊరి బతుకు మీద పడే ప్రభావాన్ని ముందుగా లెక్కించడం) నుంచీ, ఆహార భద్రతకు సంబంధించిన అధ్యాయం నుంచీ మినహాయించే అధికారాన్ని ఆ సవరణలు ప్రభుత్వానికి ఇచ్చాయి. ఈ మినహాయింపు దానంతట అది రాదు, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. మీ ప్రాజెక్టుకు మినహాయింపు ఉందని అధికారి చెబితే ఆ నోటిఫికేషన్ నకలు రాతపూర్వకంగా అడగండి. మినహాయింపు ఉన్నా అభ్యంతరాలకు ఇచ్చిన 60 రోజులు మాత్రం ఎక్కడికీ పోవు.

ఇక ఇష్టపూర్వక అమ్మకం పేరుతో వచ్చే సమ్మతి పత్రాల గురించి ఒక హెచ్చరిక. వాటి మీద సంతకం చేసిన తరువాత సేకరణను ప్రశ్నించే దారీ, పరిహారం పెంచమని కోరే దారీ దాదాపు మూసుకుపోతాయి. ఏ కాగితం మీదైనా పూర్తిగా చదివించుకుని, నకలు చేతికి వచ్చిన తరువాతే సంతకం చేయాలనే నియమాన్ని ఊరు మొదటి సమావేశంలోనే పెట్టుకోవాలి.

కమిటీలో ఎవరుండాలి

భూమి ఎక్కువగా ఉన్నవారితోనే కమిటీ వేసుకోవడం చాలా ఊళ్ళలో అలవాటు. నా దృష్టిలో ఉద్యమాలు లోపలినుంచి విరిగిపోవడానికి ఇదే పెద్ద కారణం. పట్టా భూమి ఉన్న రైతుకు మంచి ధర ఇస్తామని ఒకవైపు, అసైన్డ్ భూమి ఉన్న దళిత కుటుంబానికి ఇది ప్రభుత్వ భూమే, పరిహారం వస్తే అదే గొప్ప అని ఇంకోవైపు, కౌలు రైతుకు నీకు ఇందులో సంబంధమే లేదని మరోవైపు చెబుతారు. ఈ ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని ఒకరి కాగితాలు ఒకరు చూసుకోకపోతే, ఒక్కొక్కరూ విడివిడిగా లొంగిపోవడానికి ఎంతో కాలం పట్టదు.

అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకున్నప్పుడు పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. 2013 చట్టం కూడా అసైన్డ్ భూమి పొందినవారిని బాధిత కుటుంబంగానే గుర్తిస్తుంది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతంలోని సాగు మీదనే ప్రధానంగా బతుకుతున్న కూలీలు, కౌలుదారులు, పంటలో పాలుకు సాగుచేసేవారు, చేతివృత్తులవారు కూడా బాధిత కుటుంబాలే. వీళ్ళ పేర్లు మొదటి రోజు నుంచే కమిటీ జాబితాలో ఉండాలి. పొలానికి రోజూ వెళ్ళే ఆడవాళ్ళు కమిటీలో కనీసం సగం మంది ఉంటే మంచిది. బోరులో ఎన్ని అడుగులకు నీళ్ళున్నాయో, ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరుకుతుందో, పశువులకు మేత ఎక్కడిదో సభలో తడుముకోకుండా చెప్పగలిగేది వాళ్ళే.

కమిటీకి రెండు పుస్తకాలు తప్పనిసరి. ఒకటి సమావేశాల మినిట్స్ పుస్తకం, రెండోది జమాఖర్చుల పుస్తకం. చందా ఎంత చిన్నదైనా రశీదు ఇచ్చి, నెలకోసారి లెక్క అందరి ముందూ చదివి వినిపించండి. వకీలు ఫీజు దగ్గర, బండి కిరాయి దగ్గర వచ్చే అనుమానాలే ఆఖరికి ఊరిని రెండుగా చేస్తాయి. అధికారులతో గాని, కంపెనీ ప్రతినిధులతో గాని ఎవరూ ఒంటరిగా మాట్లాడకూడదు, కనీసం ముగ్గురు కలిసి వెళ్ళాలి, వచ్చిన వెంటనే మాట్లాడినదంతా రాసి పెట్టాలి.

అమ్ముకుందామనుకునే కుటుంబాలు ప్రతి ఊరిలోనూ ఉంటాయి. అప్పుల వల్లనో, పిల్లలు పట్నంలో స్థిరపడటం వల్లనో వాళ్ళు ఆ నిర్ణయానికి వస్తారు. వాళ్ళను వెలివేయడం, దూషించడం అన్యాయం, పైగా కేసులు తెచ్చిపెడుతుంది. బెంగళూరు దగ్గర దేవనహళ్ళిలో 13 గ్రామాల 1,777 ఎకరాల సేకరణపై రైతులు మూడేళ్ళకు పైగా పోరాడాక, 2025 జూలై 15న కర్ణాటక ప్రభుత్వం ఆ ప్రతిపాదనను విరమించుకుంది, ఇష్టమున్నవారు ఇస్తే మాత్రం తీసుకుంటామని కూడా అదే రోజు చెప్పింది. అమ్మేవారు ఎందరో, వాళ్ళ భూములు పటంలో ఎక్కడున్నాయో కమిటీకి ముందే తెలిసి ఉండాలి. మధ్యలో దారి మూసుకుపోయే పొలాలు ఏవో, వంక పారే చోటు ఏదో అప్పుడే అర్థమవుతుంది.

రికార్డులు సరిచేసుకోవడం

ఇది విసుగు పుట్టించే పని, కాని మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి. ప్రతి కుటుంబానికీ ఒక ఫైలు తయారు చేయండి. పట్టాదారు పాస్ పుస్తకం, అడంగల్ లేదా పహాణీ, 1-బి (భూమి హక్కుల రికార్డు), ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అసైన్డ్ అయితే డి-పట్టా, బోరు కరెంటు కనెక్షన్ బిల్లు, పంట రుణం కాగితం, పంట అమ్మిన రశీదులు అందులో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు రశీదూ, కౌలుదారుకు సాగుదారు హక్కు కార్డూ బలమైన ఆధారాలు. తెలంగాణలో ధరణి భూ రికార్డుల పోర్టల్ వచ్చాక అనుభవదారు కాలమ్ పోయినందువల్ల కౌలు రైతు పేరు రికార్డులో కనిపించకుండా పోయింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చినా, పాత పహాణీల నకళ్ళు తీసి ఉంచుకోవడం అవసరమే. చనిపోయిన తండ్రి పేరుతోనే భూమి ఉంటే వారసత్వ మార్పిడి వెంటనే చేయించుకోవాలి, లేకపోతే నోటీసు చనిపోయిన మనిషి పేరుతో వస్తుంది.

తరువాత ఊరంతటికీ కలిపి ఒక పటం గీయండి. గ్రామ నక్షా మీద ప్రతి సర్వే నంబరులో ఏ పంట, ఏడాదికి ఎన్ని పంట కార్లు, నీటి వసతి ఏది, చెరువు, కుంట, వంక, పశువుల దారి, శ్మశానం ఎక్కడున్నాయో రంగులతో గుర్తించండి. నీటి వసతితో ఏడాదికి రెండు పంటలు పండే భూమిని చివరి మార్గంగా మాత్రమే, అది కూడా పరిమితికి లోబడే తీసుకోవాలని 2013 చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి రికార్డులో మెట్ట అనో, బీడు అనో ఉన్న మాగాణిని గుర్తించి సరిచేయించడం అత్యవసరం. ఒక్కో పంట కారులో తేదీ, స్థలం కనిపించేలా ఫోటోలు తీసి సర్వే నంబరు వేసి భద్రపరచండి.

భూమి స్వభావాన్ని రుజువు చేసుకోవడం ఎంత దూరం పనిచేస్తుందో శ్రీకాకుళం జిల్లా సోంపేటలో తెలిసింది. చుట్టుపక్కల ఊళ్ళు సాగుకూ, చేపల వేటకూ ఆధారపడిన బీల ప్రాంతాన్ని పనికిరాని భూమి కింద చూపి అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రానికి పర్యావరణ అనుమతి తీసుకున్నారు. అది చిత్తడినేల అని గ్రామస్థులూ, వారికి తోడు నిలిచిన పర్యావరణవేత్తలూ ఆధారాలతో వాదించారు. 2010 జూలై 14న జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అదే రోజు సోంపేటలో పోలీసు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రాంతంలో పోరాట సమితి తరఫున మాట్లాడే ఎవరూ ఈ రెండు విషయాలనూ విడదీసి చెప్పలేరు.

గ్రామసభ తీర్మానం

తీర్మానం ఒక్కటే భూసేకరణను ఆపలేదు. కాని తీర్మానం లేని ఊరి తరఫున కోర్టులో మాట్లాడటం కష్టం. నోటిఫికేషన్ రాకముందే ఒకటి, వచ్చిన తరువాత మరొకటి చేయించండి. సభకు వచ్చినవారి పేరు, తండ్రి లేదా భర్త పేరు, సర్వే నంబరు, సంతకం లేదా వేలిముద్ర మినిట్స్ పుస్తకంలో ఉండాలి.

సంతకాల విషయంలో ఒక జాగ్రత్త ఎప్పటికీ మరవకూడదు. హాజరు కోసమని తెల్లకాగితం మీద తీసుకున్న సంతకాలు తరువాత సమ్మతి పత్రానికి జతపడిన ఫిర్యాదులు ఎన్నో చోట్ల వచ్చాయి. అందుకే ప్రతి పేజీ పైన తేదీ, సభ పేరు, "భూసేకరణను వ్యతిరేకిస్తూ చేసిన తీర్మానానికి మద్దతుగా" అన్న వాక్యం రాసిన తరువాతే సంతకాలు మొదలుపెట్టాలి. చివరి సంతకం కింద అడ్డగీత గీసి, మొత్తం ఎందరో అంకెలోనూ అక్షరాలలోనూ రాసి, పంచాయతీ కార్యదర్శి చేత ముద్ర వేయించాలి. ప్రతి పేజీని అక్కడికక్కడే ఫోటో తీసుకోవాలి. కార్యదర్శి తీర్మానం రాయడానికి నిరాకరిస్తే, ఆ నిరాకరణనే పేర్కొంటూ ఊరివాళ్ళ సంతకాలతో కలెక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

షెడ్యూల్డ్ ప్రాంతంలోని గ్రామాలకు ఇంకా గట్టి రక్షణ ఉంది. అక్కడ భూసేకరణకు గ్రామసభ ముందస్తు సమ్మతి చట్టప్రకారం తప్పనిసరి, 1/70 నిబంధన గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధిస్తుంది, 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రైవేటు గనుల లీజులకు అడ్డుకట్ట వేసింది. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంపై జరిగిన 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి.

ఆ 60 రోజులు

సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ గెజిట్‌లోనూ, రెండు దినపత్రికలలోనూ రావాలి, పంచాయతీ, తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు కార్యాలయాలలో తెలుగులో అతికించాలి, ప్రత్యేక గ్రామసభ పెట్టి ఊరికి వివరించాలి. వీటిలో ఏది ఏ తేదీన జరిగిందో, ఏది జరగలేదో కమిటీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. నోటీసు బోర్డును రోజూ ఒకరు ఫోటో తీయాలి. ప్రచురణ తేదీలు వేరువేరుగా ఉంటే అన్నిటికంటే ముందున్న తేదీ నుంచి 60 రోజులు లెక్కపెట్టుకోవడం క్షేమం.

అభ్యంతరాలను ఊరంతటికీ ఒకే పత్రంగా ఇవ్వడం కంటే ఒక్కో కుటుంబం విడిగా ఇవ్వడం ఎంతో బలం. ఒకే రకమైన జిరాక్స్ పత్రాలు వందల్లో ఇస్తే అన్నిటికీ కలిపి ఒకే జవాబుతో కొట్టివేస్తారు. చట్టం మూడు విషయాల మీద అభ్యంతరానికి తావిచ్చింది: ఆ భూమి ఆ అవసరానికి తగినదా, అంత విస్తీర్ణం కావాలా అన్నది, ప్రజావసరం అన్నది నిజమేనా అన్నది, సామాజిక ప్రభావ అంచనాలో తేల్చిన విషయాలు సరైనవేనా అన్నది. ప్రతి పత్రమూ ఈ మూడింటికీ ఆ కుటుంబం వివరాలతో జవాబు చెప్పాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "ఫలానా సర్వే నంబరులో నాకున్న భూమిని నోటిఫికేషన్‌లో మెట్టగా చూపారు. ఇది బోరు కింద రెండు కార్లు పండే భూమి, గత మూడేళ్ళ పంట నమోదు, కరెంటు బిల్లులు జతపరిచాను. నా కుటుంబంలో నలుగురం దీని మీదే బతుకుతున్నాం, ఏటా పదిమంది కూలీలకు ఇందులో పని దొరుకుతుంది. ఇదే మండలంలో పారిశ్రామిక పార్కు కోసం ఇదివరకు తీసుకున్న భూమిలో ఇంకా ఖాళీగా ఉన్న విస్తీర్ణం ఎంతో తేల్చకుండా మా భూమి అవసరమని చెప్పడం సరికాదు. నన్ను స్వయంగా విచారించే అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను." ఆ చివరి వాక్యాన్ని ఎవరూ వదిలిపెట్టకూడదు. స్వయంగా గాని, ప్రతినిధి ద్వారా గాని, వకీలు ద్వారా గాని వాదన వినిపించే హక్కు 15వ సెక్షన్‌లోనే ఉంది.

పత్రాన్ని కలెక్టరేట్ ఇన్‌వర్డ్ విభాగంలో ఇచ్చి, మీ దగ్గర ఉండే నకలు మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే ఆ రోజే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సోమవారం ప్రజావాణిలోనో, ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో ఇచ్చిన అర్జీ ఈ అభ్యంతరానికి బదులు కాదు. రెండూ వేరు.

నోటిఫికేషన్ తరువాత రెండు నెలల్లో భూ రికార్డులను తాజాపరచాలని కూడా చట్టంలో ఉంది. మెట్టగా పడిన మాగాణిని, తప్పుగా పడిన పేర్లను సరిచేయమని అడగడానికి ఇదే అదను. గడువులు ప్రభుత్వానికీ ఉన్నాయి. ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 12 నెలల్లో సేకరణను ఖరారు చేసే సెక్షన్ 19 ప్రకటన రావాలి, ఆ ప్రకటన నుంచి 12 నెలల్లో పరిహారాన్ని తేల్చే ఉత్తర్వు, అంటే అవార్డు రావాలి. పొడిగింపు ఉత్తర్వు లేకుండా గడువు దాటితే ఆ ప్రక్రియ రద్దయినట్టే. కోర్టు స్టే ఉన్న కాలాన్ని మాత్రం ఈ లెక్కలోంచి తీసివేస్తారు.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ

ఇది భూసేకరణ నుంచి పూర్తిగా వేరైన ప్రక్రియ. రెండింటినీ కలిపి చూడటం వల్ల ఊళ్ళు తరచుగా ఒకదాన్ని వదులుకుంటున్నాయి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించి బహిరంగ విచారణ జరపాలి. ముసాయిదా నివేదికనూ, దాని సారాంశాన్ని తెలుగులోనూ కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో అందుబాటులో ఉంచాలి.

నివేదిక చేతికి రాగానే కమిటీలో నలుగురు దాన్ని పంచుకుని చదవాలి. వందల పేజీలుంటాయి, కాని చూడవలసినవి కొన్నే. ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో భూవినియోగ పటం ఉంటుంది. అందులో మీ చెరువు, కాలువ, వంక, బడి ఉన్నాయో లేవో చూడండి. నీరు ఎక్కడినుంచి రోజుకు ఎంత తీసుకుంటారో, వ్యర్థ జలం ఎక్కడికి పోతుందో, గాలి ఏ దిక్కునుంచి వీస్తుందని రాశారో, బావుల నమూనాలు ఏ ఊళ్ళలో ఏ నెలల్లో తీశారో చూడండి. వేరే ప్రాజెక్టు నివేదికలోంచి తెచ్చి అతికించిన పేరాలు, మీ ప్రాంతంలో లేని పంటల పేర్లు కనిపిస్తే పేజీ నంబరుతో రాసుకోండి.

విచారణను బహిష్కరించాలా, హాజరు కావాలా అన్న చర్చ ప్రతి ఊరిలో వస్తుంది. హాజరు కావాలనే నేను చెబుతాను. ఈ విచారణకు కోరం లేదు, ఎవరూ రాకపోయినా జరిగినట్టే లెక్క. మొత్తం వీడియో తీయాలి, సభ చివర కార్యవాహిని తెలుగులో చదివి వినిపించాలి, ప్రతి అభ్యంతరమూ నమోదు కావాలి. కాబట్టి ఒక్కొక్కరు ఒక్కొక్క విషయం మీద రెండు మూడు నిమిషాలు మాట్లాడేలా ముందుగా పంచుకోండి. ఒకరు బోర్ల గురించి, ఒకరు పాడి గురించి, ఒకరు కూలి రోజుల గురించి చెప్పాలి. మాట్లాడినదాన్ని కాగితం మీద కూడా ఇచ్చి రశీదు తీసుకోవాలి. మినిట్స్ చదవకుండా అధికారులు లేచిపోతే ఆ విషయాన్ని వీడియోతో సహా ఆ రోజే రాసి పంపాలి.

అన్ని ప్రాజెక్టులకూ ఈ విచారణ ఉండదు. సౌర విద్యుత్ ప్లాంట్లకు పర్యావరణ అనుమతే అవసరం లేదు. 2021 సవరణతో ఇంధన ఇథనాల్ తయారీ యూనిట్లలో చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పిపోయింది. పారిశ్రామిక పార్కుకు ఒకసారి అనుమతి వచ్చిన తరువాత అందులోకి వచ్చే ఒక్కో ఫ్యాక్టరీకీ విడిగా విచారణ పెట్టరు, కాబట్టి పార్కు మొదటి విచారణనే చివరి అవకాశంగా భావించాలి. అనుమతి దరఖాస్తులన్నీ కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో కనిపిస్తాయి. చదువుకున్న ఒకరికి వారానికోసారి జిల్లా పేరుతో వెతికే బాధ్యత అప్పగించండి.

వకీలు, కోర్టు

వకీలును ఆఖరి నిమిషంలో వెతుక్కోకూడదు. అభ్యంతరాలు రాసే దశలోనే భూసేకరణ కేసులు చేసిన వకీలుకు ఫైలు చూపించండి. ఎస్సీ, ఎస్టీలకూ, మహిళలకూ, తక్కువ ఆదాయం ఉన్నవారికీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. పర్యావరణ అనుమతిని సవాలు చేయాలంటే చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్‌లో 30 రోజుల్లో అప్పీలు వేయాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అవకాశం ఉంటుంది, అంతకుమించి ఒక్క రోజు ఆలస్యమైనా వినరు. భూసేకరణ ప్రక్రియలో లోపాలపై హైకోర్టులో రిట్ వేయవచ్చు.

కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో 2024 మే 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మీ వకీలుకు గుర్తు చేయండి. పరిహారం ఇస్తే సరిపోదని, నోటీసు, విచారణ, కారణాలతో కూడిన నిర్ణయం, నిజమైన ప్రజావసరం, న్యాయమైన పరిహారం, సకాలంలో ప్రక్రియ నడపడం, దాన్ని ముగించడం అనేవన్నీ రాజ్యాంగం 300ఎ అధికరణం కింద ఆస్తి హక్కులో భాగమేనని ఆ తీర్పు చెప్పింది. ఒకవేళ అవార్డు దాకా వస్తే, డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాసి సంతకం చేయాలి. అలా రాయకపోతే పరిహారం పెంపు కోరే హక్కు పోతుంది. అవార్డు సమయంలో హాజరైనవారికి ఆ దరఖాస్తుకు ఆరు వారాలే గడువు.

ఆందోళన, పోలీసులు

దీక్షలు, ర్యాలీలు అవసరమే, ఫైళ్ళలో లేని ఒత్తిడి వాటివల్లనే వస్తుంది. కాని ఒక్క దెబ్బ, ఒక్క రాయి ఊరి వాదనంతటినీ పక్కకు నెట్టివేస్తుంది. వికారాబాద్ జిల్లా లగచర్లలో 2024 నవంబరు 11న ఫార్మా కోసం భూసేకరణపై అభిప్రాయ సేకరణకు వచ్చిన అధికారులపై దాడి జరిగిన తరువాత అనేకమంది రైతులు అరెస్టయి జైలు పాలయ్యారు. ఆ నెలాఖరుకు ప్రభుత్వం ఫార్మా నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుంది. జైలుకెళ్ళిన ఇళ్ళలో మాత్రం కోర్టు వాయిదాలు, వకీలు ఖర్చులు మిగిలాయి.

ప్రతి కార్యక్రమానికీ ముందుగా పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేసి రశీదు ఉంచుకోండి. సభలు, ఊరేగింపులను నియంత్రించే పోలీసు చట్టం సెక్షన్ 30 గాని, జనం గుమిగూడటాన్ని నిషేధించే పాత 144 స్థానంలో వచ్చిన సెక్షన్ 163 గాని అమలులో ఉంటే ఉత్తర్వు నకలు అడిగి, దాని తేదీలు చూసుకుని కార్యక్రమం పెట్టుకోండి. ఊరివాళ్ళలో పదిమందిని వాలంటీర్లుగా పెట్టి, బయటినుంచి వచ్చి రెచ్చగొట్టేవాళ్ళను పక్కకు తీసుకెళ్ళే పని అప్పగించండి. ఇద్దరు మొదటినుంచి చివరిదాకా వీడియో తీస్తూ ఉండాలి. ఎవరినైనా అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, మహిళలను సూర్యాస్తమయం తరువాత అసాధారణ పరిస్థితుల్లో, మేజిస్ట్రేటు అనుమతితో తప్ప అరెస్టు చేయకూడదు. ఈ రెండు విషయాలూ ఊరిలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

ప్రాజెక్టు ఆగిపోయిందని ప్రకటించిన తరువాత

మంత్రి నోటి మాట, పత్రికలో వార్త సరిపోవు. ఉపసంహరణ గెజిట్ నోటిఫికేషన్ సర్వే నంబర్లతో సహా చేతికి వచ్చేదాకా కమిటీని రద్దు చేయకండి. లగచర్లలో ఫార్మా నోటిఫికేషన్ రద్దయిన వెంటనే అదే ప్రాంతంలో పారిశ్రామిక పార్కు పేరుతో భూసేకరణ మళ్ళీ మొదలైంది. పేరు మారిన ప్రతిపాదన కోసం పరివేష్‌నూ, గెజిట్‌నూ చూస్తూనే ఉండాలి. సేకరణలో చూపిన సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో పడి ఉంటే, ప్రాజెక్టు ఆగినా అవి అందులోనే ఉండిపోతాయి. బ్యాంకు రుణం కోసం వెళ్ళినప్పుడో, కూతురి పెళ్ళికి అర ఎకరం అమ్ముదామనుకున్నప్పుడో ఆ సంగతి బయటపడుతుంది. కాబట్టి ఉపసంహరణ ఉత్తర్వు నకలు జతచేసి, ఒక్కో సర్వే నంబరునూ ఆ జాబితా నుంచి తొలగించమని సబ్ రిజిస్ట్రారుకూ కలెక్టరుకూ దరఖాస్తు పెట్టి, తొలగించిన తరువాత కొత్త ఈసీ తీసి ఆ కుటుంబం ఫైలులో చేర్చండి.